ఎలక కొరికిన కారు గురించి నా మాట

శుక్రవారం రాత్రి

నా పేరు సత్యవతి. వయసు డెబ్బై ఆరో, ఏడో. కడియంలో కొడుకు ప్రసాదు, కోడలు రమణ, మనవరాలు సుధతో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు, సుధ తన డైరీలో రాస్తోంది.

పొద్దున్న స్టార్టవ్వని మా కారుని రాజమండ్రి సర్వీస్ సెంటరుకి లాక్కెళ్ళాం. బానెట్ ఎత్తి చూసి, ఎలక వైర్లు కొరికేసిందన్నారు.

"ఎలక కొరికితే వారంటీ రాదండి మామ్మగారూ," అన్నాడు అక్కడి అబ్బాయి.

"మరి దేనికొస్తుంది నాయనా, కారుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటేనా?" అన్నాను.

ఇంటికొచ్చాక ప్రసాదు కారు అమ్మేద్దామన్నాడు. "బానెట్ మీద వడియాలు ఎండబెట్టింది నువ్వే కదమ్మా! ఎలక ఊరికే వస్తుందా?"

"పెట్టకూడదని ఆ వారంటీ పుస్తకంలో ఎక్కడ రాశారో చూపించరా!"

సరే, వడియాలు ఇకనుంచి మేడ మీదే పెడతాను. బానెట్ లోపల, వేడి తగలని మూల పొగాకు కాడలు కట్టిస్తాను. ఆ ఘాటుకి ఎలక దరికి రాదు. కానీ కారు పోతే నాకు సాయంత్రాలు పోతాయి. రమణ నడుపుతుంటే ముందు సీట్లో కూర్చుంటాను. కాలవగట్టు మీద వెళ్తుంటే అద్దంలో నీళ్ళూ ఆకాశమూ కలిసిపోతాయి. నర్సరీల్లోంచి మల్లెల వాసన లోపలికొస్తుంది. కళ్ళు మూతలు పడి, పడవలో ఉన్నానో కారులో ఉన్నానో తెలీదు. ఇప్పుడు మంచం మీద కూడా అలాగే ఊగుతున్నట్టుంది...

కారు నా పేరున ఉంది. అమ్మాలంటే నా వేలిముద్ర కావాలట. ఆ కాగితం మీద చచ్చినా వెయ్యను. వేస్తే ఇదిగో, ఈ పేజీ మీదే.

సత్యవతి ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్ళు: కోడలు రమణ, రాసిపెట్టిన సుధ.