గ్రేస్ ఊళ్ళో కాన్పుల గది

ఫిబ్రవరి 10, 2023, శుక్రవారం

నోరు జారాను. కాదు... ప్రభువే పలికించాడు. ఏదైతేనేం, మాట బయటికి వచ్చేసింది. ఫెలోషిప్‌లో సాక్ష్యానికి లేచాను. జ్వరం తగ్గిన సంగతి చెప్పి కూర్చుందామనుకున్నదాన్ని, "దేవుడు నన్ను ఆఫ్రికాకు పిలుస్తున్నాడు" అనేశాను. హాలంతా స్తోత్రాలు. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి, ఆఫ్రికా ఖండాన్ని తిరిగి కట్టబోయే దాసురాలు అన్నారు.

ఖండం నా వల్ల ఎక్కడవుతుంది! నాకు కనిపించేది ఒక్క గది. రూమ్మేట్ గ్రేస్ ఫోన్‌లో చూపించింది — ఉగాండాలో వాళ్ళ ఊరి కాన్పుల గది. కరోనా అప్పుడు నర్సు వెళ్ళిపోయింది. తాళం పడింది. ఇప్పటికీ తియ్యలేదు. నేనేమో ఇక్కడ గల్ఫ్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుని. కళ్ళు మూసుకుంటే ఆ తాళమే.

అదే రోజు, సాయంత్రం

కొంప మునిగింది. మా ఆయన లైవ్‌లో చూశారట. భీమవరంలో, రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని. ప్రతి శుక్రవారం చూస్తారని నాకు తెలియదా? తెలుసు. మరి బుర్ర ఏమైందో!

అరవలేదు. అరిచినా బాగుండేది. ఫోన్‌లో చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు... తర్వాత మెల్లగా — "దేవుడు నీకు చెప్పాడు, బానే ఉంది రూతూ. మరి నాకెందుకు చెప్పలేదు?"

డ్యూటీ ఉందని ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 11

ఫోన్ చెయ్యలేదు ఆయన. నేనూ చెయ్యలేదు.

ఫిబ్రవరి 15

గ్రేస్‌కి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నా. బట్టలు మడతపెడుతూనే, "ఆఫ్రికా బాగుపడాలని మీ చర్చిలో ప్రార్థన చేస్తారా?" అంది. అవునన్నాను. "మేం పాడైపోయామని ఎవరు చెప్పారు సిస్టర్? మా ఊళ్ళో నర్సు లేదు. అంతే. ఖలాస్."

ఊరుకుందా, లేదు. "నువ్వు మా ఊరెళ్ళి మా వాళ్ళకి కాన్పులు చేస్తావు. నేను ఇక్కడే ఉండి మీ వార్డు తుడవాలా?"

ఒళ్ళు మండింది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. స్నానం చేసొచ్చాక గానీ సిగ్గు వెయ్యలేదు. మఫ్రఖ్ లోని ఈ స్టాఫ్ గదిలో ఇద్దరం ఎన్నాళ్ళ నుంచో ఉంటున్నాం. వాళ్ళమ్మ పేరేంటో కూడా నాకు తెలియదు.

ఫిబ్రవరి 22

శ్రమల కాలం మొదలు, ఇక ఈస్టరు దాకా ఉపవాసాలే. మా ఆయన ఉపవాసం పట్టారట. ఆకలికి ఆగలేని మనిషి! "నేనూ అడుగుతా. నాకు చెప్పేదాకా అడుగుతా" అన్నారు.

మొండితనంలో నన్ను మించిపోయారు.

మార్చి 3

పాస్టరుగారు అడిగారు — "ప్రయాణం ఎప్పుడమ్మా?" "మా వారు ఒప్పుకోవాలండీ" అన్నాను. తడుముకోలేదు.

మార్చి 10

మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే మాట. వార్డులో సిస్టర్లకీ అదే. బాగా అలవాటైపోయింది.

మార్చి 17

గ్రేస్ రాజీనామా ఇచ్చేసింది! ముదీర్‌తో అంటే మేనేజరుతో మాట్లాడటం కూడా అయిపోయిందట. ఊళ్ళో కాన్పుల గది తాళంచెవి వాళ్ళ మేనమామ దగ్గరే ఉందట. "నేను గది కడిగి పెడతా. కాన్పు చెయ్యడం నాకు రాదు. నువ్వొచ్చి నేర్పితే వస్తుంది."

వాళ్ళమ్మ పేరు అడిగాను. ఎస్తేరు. మా పెద్దమ్మ పేరూ అదే.

మార్చి 28

ప్రార్థనలో కూర్చోలేకపోతున్నా. కూర్చుంటే లేవాలి, లేస్తే ఎక్కడికి... ఇదివరకు వెళ్ళు, వెళ్ళు అని ఒకటే తొందర. ఇప్పుడేమీ వినపడటం లేదు. ప్రభువు చెప్పాల్సింది చెప్పేసి ఊరుకున్నాడా?

ఏప్రిల్ 7, గుడ్ ఫ్రైడే

ఆరాధన అయి బయటికి రాగానే ఫోన్. ఏరేటర్ల హోరు లేదు. మాట్లాడటానికే చెరువు నుంచి దూరంగా వచ్చారట.

"రూతూ... నాకూ చెప్పాడే."

"ఏమనండీ?"

"నిన్ను ఆపొద్దని. నాకు దిగులే. ఎందుకు ఉండదు? అయినా వెళ్ళు."

ఏడ్చేశాను. సంతోషం అనుకున్నారు పాపం. సంతోషం కాదు. ఆయన వద్దంటారనే ధైర్యంతో ఉన్నాను ఇన్నాళ్ళూ. ఆ అడ్డం కాస్తా పోయింది. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఏప్రిల్ 9, ఈస్టరు

గ్రేస్ పెట్టె సర్దుతోంది. గురువారం విమానం. "నీ టికెట్ ఎప్పుడు?" అంది. సెలవు అడగాలి అన్నాను. నవ్వి, పెట్టెలో ఒక పక్క ఖాళీ చేసింది. "ముందు సామాను పంపు. యల్లా, కానియ్, నీకిష్టమైంది పెట్టు."

నర్సింగ్ చదివేటప్పుడు కొనుక్కున్న గొట్టం తీశాను, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినేది. ఇక్కడ అన్నీ మిషన్లే, దీన్ని ఎవరూ ముట్టరు. కరెంటు లేనిచోట అదే దిక్కు.

ఇది పెట్టెలో వేస్తే నేనూ వెనకాలే వెళ్ళాలి. లేకపోతే... నా బదులు ఇది వెళ్తే చాలదా ప్రభువా?

గ్రేస్ పెట్టె మూత తెరిచే ఉంచి, టీ పెట్టడానికి వెళ్ళింది. గొట్టం నా ఒళ్ళోనే ఉంది.