ఒలిపించుకొచ్చిన ముంజలు

మే 12, రామన్నపేట

ముంజలు తిన్నాక మిగిలే రెండు బుర్రలు, ఒక కర్ర ఉంటే పిల్లలు బండి చేసుకొని సెలవంతా తోలుకుంటారు. కాయలు తెమ్మని తోడల్లుణ్ణి పంపాను. పిల్లల్ని ఆడించాలంటే పట్నంలో మాల్‌కు తీసుకుపోయే పెద్దమనిషి, కాయలన్నీ ఒలిపించి ముంజలు కవర్లో పట్టుకొచ్చాడు. చక్రాలు కావలసిన బుర్రలు అక్కడే పారేయించాడట!

"చేతులకు జిగురంటకుండ తెచ్చిన అన్నా" అని పైగా గొప్ప. తాటివనం పక్కన పుట్టిన మనిషి. ఛీ.

పొద్దుటి నుంచి కర్రలు చెక్కుకొని కూర్చున్న పిల్లలు ముంజలు ముట్టలేదు. నా బిడ్డ అతన్ని ఏమీ అనలేదు. నా ఒళ్లోని జమాఖర్చుల పుస్తకం చూసి, "బండి చేసిస్తనంటివి గద నాయినా, నువ్వెందుకు పోలే?" అంది.

ఇప్పటిదాకా తోడల్లుణ్ణే తిట్టుకుంటున్నాను. అది సులువు...