స్వాగత నృత్యం గురించి మనవి

పరిశోధనాధికారి గారికి,

మీకు శాంతి కలుగుగాక. మా సామర్ దీవి పిల్లలు చదువులో ఎందుకు వెనకబడ్డారో తెలుసుకోవడానికి మీరు మళ్లీ వస్తున్నారని తెలిసింది. మీ స్వాగతం కోసం తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ నా లెక్కల పీరియడ్‌లో వెదురుకర్రల నాట్యం సాధన చేస్తున్నారు. కిందటిసారీ ఇలాగే చేశారు. పాఠాలు మిగిలిపోయాయి, మార్కులు తగ్గాయి. తల్లిదండ్రుల శ్రద్ధ చాలదని మీరు నివేదికలో రాశారు.

ఆ తరగతిలో చదివే దలిసాయ్ అనే అమ్మాయి కర్రల మధ్య చక్కగా గెంతుతుంది కనుక ముందువరసలో పెట్టారు. మీరు వచ్చే రోజుకు మర్నాడే ఆమెకు స్కాలర్‌షిప్ పరీక్ష. అది తప్పితే బడి మాని చేపలు ఎండబెట్టే పనికి వెళ్లాలి. అందుకే పరీక్ష అయ్యాక, ముందుగా చెప్పకుండా రమ్మని వేడుకుంటున్నాను.

ఈ మాటే మా ప్రిన్సిపల్ మిసెస్ అల్కాంతారాతో అన్నాను. "చెప్పకుండా వచ్చేస్తే పాన్సిట్ ఎవరు వండుతారమ్మా? నూడుల్స్ నానబెట్టుకోవద్దూ?" అన్నారు.

నిన్న దలిసాయ్ కూడా ఆవిడను అడిగింది. "మేడమ్, మాకు చదువెందుకు రావట్లేదో సార్ కనిపెట్టేస్తే ఇక డాన్సులుండవు కదా?"

"ఎందుకుండవే పిచ్చిదానా! కనిపెట్టినందుకు సన్మానం చెయ్యొద్దూ? ముందువరసలో నువ్వే!"

కాబట్టి సార్, కారణం తెలిసినా దయచేసి మా ప్రిన్సిపల్‌గారికి మాత్రం చెప్పకండి.

విధేయురాలు,
తొమ్మిదో తరగతి లెక్కల టీచర్