గడ్డి గుట్ట మీద తిప్పయ్య మాట

బెళుగుప్ప,
19 మే 2025.

ప్రియమైన పద్మప్రియకు,

ఇర్ఫానా సలాములు. నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఎండ తప్ప కొత్త విషయం లేదు. మెయిల్ పెడితే ఆఫీసులో పదిమంది కంటా పడుతుందని కాగితం మీద రాస్తున్నాను.

మన కంపెనీ ఇక్కడి గుట్ట మీద పెంచిన చెట్ల నివేదిక ఈ వారమే నీ బల్ల మీదికి వస్తుంది. సంతకం పెట్టే ముందు ఇది చదువు.

మూడేళ్ళ క్రితం ఆ గుట్టంతా మోకాలెత్తు గడ్డి. తిప్పయ్య అనే కాపరి తన అరవై గొర్రెలను అక్కడే మేపేవాడు. పారిస్ వాతావరణ ఒప్పందం కింద అడవి పెంచుతామని దేశం మాటిచ్చింది కదా, తమ పొగకు బదులు చెట్లు పెంచమని విదేశీ కంపెనీలూ డబ్బుతో ముందుకొచ్చాయి. ఉపగ్రహం ఫొటోలో చెట్లు కనపడలేదని మనవాళ్ళు గుట్టను బంజరని రాసేశారు. జేసీబీతో గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించి, నీలగిరి మొక్కలు నాటి, కంచె వేశారు. ఆ వేళ్ళ కింద నేల ఏళ్ళ తరబడి దాచుకున్న కార్బన్ గాలిలో కలిసింది. వాతావరణాన్ని కాపాడతామని చేసిన పని ఇది!

వానల్లేక మొక్కలు ఎండిపోయాయి. మేత లేక తిప్పయ్య గొర్రెలన్నీ అమ్మేసి, బస్టాండు హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాడు.

మొన్న మంగళవారం డబ్బిచ్చిన కంపెనీ నుంచి తనిఖీకి ఒక విదేశీ అధికారి వచ్చాడు. ముందురోజే మనవాళ్ళు లారీలో నర్సరీ మొక్కలు తెచ్చి, చచ్చినవాటిని పీకి, అవే గుంతల్లో గుచ్చారు. కొన్నింటికి ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. ట్యాంకరుతో నీళ్ళు పోస్తుంటే ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో కంచె బయట నిలబడి చూశారు. నాకు ఉమ్మేయాలనిపించింది.

ఊరివాళ్ళతో మాట్లాడతానన్నాడు అధికారి. మన మేనేజరు తిప్పయ్యకు కొత్త టవలు కప్పి ముందు నిలబెట్టాడు. తిప్పయ్య బెదరలేదు.

"ఏమప్పా, ఈడ గడ్డి ఉండె. నా గొర్రెలు మేస్తాండె. మీరొచ్చి దున్నేస్తిరి. ఇప్పుడు గడ్డీ లేదు, చెట్టూ లేదు. ఇవన్నీ నిన్న నాటినారు. కావాలంటే ఒకటి పీకి సూడు" అన్నాడు.

అధికారి నవ్వి ఆయన చేయి పట్టుకుని ఊపాడు. మనవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. తిప్పయ్యకేమీ అర్థం కాలేదు. చప్పట్లు ఆగేదాకా నా మొహంలోకే చూశాడు.

ప్రియా, ఆ నివేదిక మీద సంతకం పెట్టకు. పెట్టావంటే ఇంకో నాలుగు గుట్టలు దున్నుతారు. సోమందేపల్లె వైపు అప్పుడే కొలతలు మొదలయ్యాయి.

ఇట్లు,
నీ హాస్టలు గది నేస్తం
ఇర్ఫానా

తా.క.: తిప్పయ్య మాటల్ని అధికారికి ఇంగ్లీషులో చెప్పింది నేనే. చెట్లొచ్చాక ఊరు బాగుపడిందనీ, తను సంతోషంగా ఉన్నాడనీ చెప్పాను. పక్కన మేనేజరున్నాడు, ఉద్యోగం గుర్తొచ్చింది. అంతకుమించి కారణం లేదు. పైన రాసినదాంట్లో అందర్నీ అసహ్యించుకున్నాను, నన్ను తప్ప. నిన్న హోటలుకు వెళ్ళి తిప్పయ్యకు నిజం చెప్పేశాను. ఆయన చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. తర్వాత, "మళ్లా చెప్తా, ఈతూరి సరిగ్గా రాసుకో పాపా" అన్నాడు. రాసుకున్నాను. ఆయన వేలిముద్ర, నా సంతకం ఉన్న ఆ కాగితం దీనితో పంపుతున్నాను. ఇంకొకటి ఈ ఉదయమే ఆ అధికారికి పోస్టు చేశాను, ఇంగ్లీషులో, ఒక్క మాట మార్చకుండా.