నడిమి బల్ల కింద ఊపిరి

మార్చి 3

బోటు కొన్నాను. ఈత రాని మొగుడికి బోటు కొనిచ్చిన ఆడదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో.

పాత అల్యూమినియం బోటు, బల్లలు మూడు. రిజర్వాయర్ గట్టున ఒంటరిగా ఉండే పెద్దావిడ షెడ్డులో బోర్లా పడుంది. దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి. ఆవిడ భర్త చేపలు పట్టేవాడట, పోయాడట. ఎలాగని నేను అడగలేదు. తుక్కు రేటుకే ఇచ్చేసింది. మెకానిక్కుకి ఇవ్వొద్దు, మీ ఇద్దరే కూర్చుని చేసుకోండి అంది. నా మేలు కోరి అందనుకున్నాను.

అసలు సంగతి, ఆయన గదిలోంచి బయటికొచ్చాడు. చూపు మందగించిందని బస్సు డ్రైవర్ సీట్లోంచి దించేసినప్పట్నుంచీ గోడకి మొహం పెట్టుకుని కూర్చున్న మనిషి. తిండి పెడితే తింటాడు, లేకపోతే లేదు. అలాంటి మనిషి వాకిట్లోకొచ్చి, బోటు చుట్టూ ఒక రౌండ్ వేసి, ఇది తేలదుగానీ స్నానాల తొట్టిగా బ్రహ్మాండంగా పనికొస్తుందన్నాడు. జోకేశాడు! నేను వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చుకున్నాను.

మార్చి 5

లీకులు పట్టాలంటే బోటుని నీళ్లలో పెట్టక్కర్లేదు. నీళ్లనే బోటులో పొయ్యాలి. లోపలి నీళ్లు ఎక్కణ్ణుంచి బయటికి కారితే, రేపు బయటి నీళ్లు అక్కణ్ణుంచే లోపలికొస్తాయి. ఇటుకల మీద నిలబెట్టి పైపు పెట్టాం. ఆయన కింద దూరి, కళ్లని నమ్మకుండా వేళ్లతో తడిమి, రేకుల్ని కలిపి పట్టే రివెట్ మేకుల్లో చెమ్మ తగిలిన ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టాడు.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు ఊడిపడింది. నీళ్లలో బోటు ఉండాలిగానీ బోటులో నీళ్లేమిటి, ఈ ఇంట్లో అన్నీ తిరకాసే అని దీర్ఘం తీసింది. తమ్ముడు నవ్వడం చూసి నోరు మూసుకుంది. వెళ్లేటప్పుడు నా చెయ్యి నొక్కింది. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

సున్నాలు చూస్తే నా చిన్నప్పటి లెక్కల పేపర్ గుర్తొచ్చింది. నడిమి బల్ల కింద మరీ ఎక్కువ.

మార్చి 6

నడిమి బల్ల విప్పాం. లోపల ఫోమ్ ఉంది. బోటు నిండా నీళ్లొచ్చినా మునిగిపోకుండా పట్టుకునేది అదేనట. ఇదేమో ఏళ్ల తరబడి నీళ్లు తాగి రాయిలా ఉంది. ఇద్దరం కలిసి ఈడ్చాల్సొచ్చింది. పిండితే కారింది పచ్చటి నీరు. కొత్త ఫోమ్ ధర కనుక్కుని, షాపతనికి ఒక నమస్కారం పెట్టి వచ్చేశాం.

మార్చి 11

రివెట్లు బిగించడం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. బోటు బోర్లించి, ఒకరు దాని కింద దూరి బరువైన ఇనప దిమ్మ రివెట్ కాలికి ఆనించి పట్టుకోవాలి. ఇంకొకరు పైనుంచి సుత్తితో కొట్టాలి. కింద పట్టు లేకపోతే దెబ్బ గాల్లోకి పోతుంది, రివెట్ బిగుసుకోదు.

ఆయన కింద, నేను పైన. ఒకరికొకరు కనపడం, సుత్తి మోతలో మాట వినపడదు. అందుకని తట్టడం పెట్టుకున్నాం. కిందనుంచి ఒకసారి తడితే రెడీ, కొట్టు. రెండుసార్లు తడితే ఇది అయింది, పక్కదానికి పద. బట్టలు ఆల్టర్ చేసే చేతికి ఇదేం కష్టం? ఇదీ కుట్టే, దారం బదులు రివెట్. పెళ్లయ్యాక మేమిద్దరం ఇంత పోట్లాట లేకుండా మాట్లాడుకున్నది ఇదే మొదటిసారి.

మార్చి 12, మధ్యాహ్నం

ఇవాళ్టికి సుత్తి పక్కన పెట్టేశాను. రాసేస్తే భయం తగ్గుతుందేమో.

నడిమి బల్ల దగ్గరి వరస మొదలుపెట్టాను. ఒక తట్టు. కొట్టాను. రెండు తట్లు. పక్కది. ఒక తట్టు. కొట్టాను. చకచకా సాగిపోతోంది. కింద పట్టు ఎంత గట్టిగా ఉందంటే దెబ్బ తిరిగి నా భుజానికే తగులుతోంది. ఇవాళ మంచి ఊపు మీదున్నాడు అనుకున్నాను. వరస మొత్తం అయిపోయింది. చెమట తుడుచుకుంటుంటే గేటు చప్పుడైంది. ఆయన వస్తున్నాడు. చేతిలో లీకులకి పూసే సీలెంట్ ట్యూబ్. షాపుకెళ్తున్నానని కేకేసి చెప్పాడట. సుత్తి మోతలో నాకు వినపడలేదట.

వంగి బోటు కిందికి చూశాను. ఎవరూ లేరు. ఇనప దిమ్మ మట్టిలో ఉంది. ఎండ మండిపోతోంది. అది మాత్రం తడిగా, ఐస్‌లా ఉంది.

ఆయనకి చెప్పలేదు. చెప్పను. చెబితే బోటు తిరిగి పెద్దావిడ షెడ్డుకి పోతుంది, ఆయన తిరిగి గోడ దగ్గరికి పోతాడు.

మార్చి 13

ఇవాళ ప్రతి తట్టుకీ, కింద ఉన్నది నువ్వేనా అని అడిగాను. ఇంకెవర్నైనా పెట్టుకున్నావేంటే అన్నాడు.

మార్చి 15

మళ్లీ నీళ్లు పోశాం. ఎక్కడా చుక్క లేదు. ఆయన వేళ్లతో తడుముతూ, నడిమి బల్ల వరస ఫ్యాక్టరీలో కొట్టినట్టు ఉందోయ్, నా పట్టు అలాంటిదీ అని మీసం దువ్వుకున్నాడు. అవునవును అన్నాను. ఆ వరసలో ఆయన ఒక్క రివెట్ కూడా పట్టలేదు.

మార్చి 17

ఫోమ్‌కి బదులు దొరికింది. నా కుట్టు షాపు కింద జిమ్ ఉంది. అక్కడివాళ్లు నీళ్లు తాగి పారేసే సీసాలు సంచులకొద్దీ. కడిగి, ఆరబెట్టి, ఖాళీవి ఖాళీగానే మూతలు బిగించి, నడిమి బల్ల కింద కుక్కాం. గాలి ఏదైతేనేం, తేల్చేది అదే కదా. మూతలన్నీ ఆయనే బిగించాడు. బస్సు స్టీరింగ్ తిప్పిన చేతులు, మాటలా? పైన రేకు వేసి స్క్రూలు తిప్పాం.

మార్చి 19

పొద్దున వాకిలి ఊడుస్తుంటే బోటులోంచి చిటచిటమని చప్పుడు. రేకు విప్పాను. ఒక సీసా లోపలికి పీక్కుపోయి, చప్పిడి దవడలా ఉంది. మూత బిగించినట్టే ఉంది. చిల్లి లేదు. ఎవరో నోరు పెట్టి లోపలి గాలి జుర్రేసినట్టుంది.

రాత్రి చలికి గాలి ముడుచుకుంటుంది, సైన్సు అన్నాడాయన. సరే, సైన్సు. మూత తీసి ఊదాను. ఠప్పుమని మళ్లీ మామూలు ఆకారానికొచ్చింది.

మార్చి 20

ఇవాళ ఎండలోనే, నా కళ్లెదుటే ఇంకోటి పీక్కుపోయింది. నిదానంగా. సైన్సు లేదు గీన్సు లేదు.

మార్చి 22

పెద్దావిడ దగ్గరికెళ్లాను. దాచకుండా అంతా చెప్పాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే చెప్పింది.

గాలివానలో బోటు నిండా నీళ్లొచ్చాయట. వాళ్లాయన నడిమి బల్ల పట్టుకుని వేలాడాడట. బోటు తేలుతుందని నమ్మాడు. ఫోమ్ ఎప్పుడో తడిసిపోయిందని ఎవరికి తెలుసు? మనిషిని తీసుకునే మునిగింది. పైకి తీసినప్పుడు చేతులు ఇంకా బల్ల మీదే ఉన్నాయట, విడదీయడం కష్టమైందట. మెకానిక్కు ఒంటరిగా చేస్తే కింద పట్టేవాళ్లు లేరని మా ఆయన చెయ్యి వేస్తాడు, అందుకే మీ ఇద్దర్నే చేసుకోమన్నాను, ఆయనకి పనంటే ప్రాణం, ఊరుకోడు అంది.

సీసాల సంగతి అడిగాను. చేట పక్కన పెట్టింది. ఆ పూట ఊపిరే కదమ్మా తక్కువైంది అంది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, కానీ భయపడకు, ఎవరి వస్తువూ ఉంచుకునే రకం కాదు, పక్కింటి స్పానర్ తెచ్చుకున్నా తుడిచి మరీ ఇచ్చొచ్చేవాడు అంది.

మార్చి 23

బోటు తిరిగి ఇచ్చేద్దామని పొద్దున గట్టిగా అనుకున్నాను. అడగబోతే ఆయన ఈల వేస్తూ గాలానికి ముడి వేసుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించలేని కళ్లు, వేళ్లతోనే ముడి పడుతోంది. దారం తెంపడానికి కత్తెర అందించి వచ్చేశాను.

ఆయన స్నానానికి వెళ్లాక రేకు విప్పాను. పీక్కుపోయిన సీసాలు ఒక్కొక్కటీ ఊది మూత బిగించాను. తల తిరిగింది. బల్లతోనే పైకి చెప్పాను: నీకు ఊపిరి కావాలి, నాకు మా ఆయన కావాలి. నువ్వు ఎంతైనా తీసుకో, ఊదడానికి నేనున్నాను. ఆయన్ని మాత్రం నీ దగ్గరికి తీసుకోకు.

చుట్టుపక్కల ఎవరైనా విని ఉంటే మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు.

మార్చి 28

బోటు నీళ్లలోకి దిగింది. పెద్దావిడ రాలేదు, కిటికీలోంచి చూసింది. ఆయన లైఫ్ జాకెట్ వేసుకుని, గట్టు పక్కనే రెండు చుట్లు తిరిగి, వేలెడు చేపతో మహారాజులా దిగాడు. ఒక్కడే ఎక్కాడు, బోటు ఇద్దరెక్కినంత లోతుకి కుంగింది. ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు, ఇక్కడే రాస్తున్నాను.

రోజూ పొద్దున ఊదుతున్నాను. మొహం పాలిపోయిందేమిటి, ఒంట్లో బాగాలేదా అని ఆడపడుచు అడిగింది. స్కూలు యూనిఫాముల సీజన్ కదా అన్నాను.

ఏప్రిల్ 6

నిన్న యూనిఫాముల పని తెమిలి ఇంటికొచ్చి రేకు విప్పితే సీసాలన్నీ పీక్కుపోయున్నాయి. ఒక్కటీ మిగల్లేదు. ఒళ్లు హూనమైంది, పొద్దున్నే ఊదుదాంలే అని పడుకున్నాను. లేచేసరికి బోటుని తోసుకెళ్లే ట్రాలీ లేదు. బోటు లేదు. ఆయన లేడు. లైఫ్ జాకెట్ మేకుకి వేలాడుతోంది.

ఏప్రిల్ 6, పదకొండు

గాలి మొదలైంది. ఫోన్ చేస్తే, నిన్న విప్పిన చొక్కా జేబులో, ఇంట్లోనే మోగింది. రిజర్వాయర్ వాళ్ల పడవ వెతకడానికి వెళ్లింది. పెద్దావిడ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని లేకపోతే అరిచేస్తాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ ఒక్క పూట బద్ధకించాను. ఒక్క పూట.

ఏప్రిల్ 6, సాయంత్రం

వచ్చాడు. వచ్చాడు.

దుప్పట్లో ముడుచుకుని చెప్పాడు. పెద్ద అల పక్కనుంచి కొట్టి బోటు అంచుదాకా నిండిపోయిందట. నడిమి బల్ల పట్టుకున్నాడట. ఇక అయిపోయింది అనుకున్నాడట. బోటు దిగలేదు. కిందనుంచి ఎవరో భుజం పెట్టినట్టు అక్కడే నిలబడిందట. అల వచ్చే ముందు ప్రతిసారీ అడుగున ఒక తట్టు వినపడేదట. గట్టిగా పట్టుకునేవాడట. చివరికి వాళ్ల పడవ వచ్చి చొక్కా పట్టి లాగుతున్నప్పుడు రెండు తట్లు.

మన తట్లు ఎవరికైనా చెప్పావా అని అడిగాడు.

అప్పుడు అంతా చెప్పాను. గది తలుపు వేసుకుంటాడేమో అని చూశాను. దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, ఆ వరస నేను పట్టింది కాదన్నమాట అన్నాడు, కాస్త చిన్నబుచ్చుకుని.

ఏప్రిల్ 8

బోటు తెచ్చిచ్చారు. ఇద్దరం కలిసి రేకు విప్పాం. సీసాలన్నీ నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. అంతసేపు నీళ్లలో ఉన్న బోటులో ఒక్కదాని మీదా చెమ్మ లేదు. తుడిచి పెట్టినట్టున్నాయి.

ఒకటి తీసుకెళ్లి పెద్దావిడకి ఇచ్చాను. మూత తీయలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 15

మా సీసాలు ఒక్కటీ పీక్కుపోలేదు. గట్టు మీదుగా వెళ్తుంటే పెద్దావిడ కిటికీలో తన సీసా కనపడింది. చొట్టపడి ఉంది, మూత బిగించే ఉంది. ఊదిపెట్టనా అని అడిగాను.

వద్దమ్మా, నేను ఊదుకుంటున్నాను అంది.