కత్తెరకు తోడు

చెల్లెలు జొహరాబీకి ఆదోని నుంచి అన్న ఫర్మానా: కత్తెర ఒంటరిగా పార్సిల్ ప్రయాణం చేయరాదు, తోడుగా ఇస్త్రీపెట్టె ఉండవలెను!

మూడు నెలలుగా నీకు ఇదే రాస్తూ వచ్చాను. నీ కత్తెర విరిగిందంటే, మూతపడిన దర్జీ కొట్టు వేలంలో ఒకటి పాడుకున్నాను. ఇస్త్రీపెట్టె పాట కూడా అయ్యాక రెండూ ఒకే పార్సిల్లో పంపితే పోస్టు ఖర్చు కలిసొస్తుందన్నాను. నువ్వు బతిమాలిన ఉత్తరాలు ఇక్కడి టీ హోటల్లో చదివి అందరినీ నవ్వించాను.

నిన్న మీ ఎమ్మిగనూరు నుంచి కరీం సాబ్ వచ్చి, "నీ చెల్లెలు రంజాన్ గుడ్డలన్నీ కుట్టకనే వాపసిచ్చింది గదప్పా! నీకు నవ్వెట్లా వస్తాంది?" అన్నాడు. హోటల్లో ఎవరూ నవ్వలేదు.

కత్తెర ఆయన చేతికే ఇస్తున్నాను. పోస్టు ఖర్చే లేదు. పండగను మాత్రం తిరిగి పంపలేను.

ఇస్త్రీపెట్టె కోసం ఎదురుచూడకు తల్లీ. ఆ వేలంలో అది లేనే లేదు, నలుగురినీ నవ్వించడానికి నేనే కల్పించాను.