శనివారం జావ

హామర్, 1997 మార్చి 15, శనివారం.
మెట్ల మీద మంచు తీశాను. దుప్పట్లు రెండు ఉతికాను. రొట్టెలు నాలుగు కాల్చాను. కిటికీలు తుడవలేదు.

తమ్ముడు అస్లాక్‌కి,

అప్పట్లో పిచ్చి తగ్గుతుందని ఎవరి మెదడుకు ఆపరేషన్ చేశారో వాళ్లకి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది కదా, అమ్మ తరఫున దరఖాస్తు నింపాను. ఆసుపత్రి పాత కాగితాలు జతచేయాలి. అవి వచ్చి పదకొండు రోజులైంది. నీకు చెప్పలేదు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నాన్నేనని నీకు తెలుసు. అందుకే ఆయన్ని పూడ్చేనాడు కూడా నువ్వు రాలేదు. కానీ నాలుగో పేజీలో నేనున్నాను.

1953లో ఒక శనివారం ఆసుపత్రి నుంచి ఒకావిడ ఇల్లు చూడ్డానికొచ్చింది. నీకు మూడేళ్లు, నాకు ఏడు. "మీ అమ్మ ఇవాళ జావ కాచిందా పాపా?" అంది. శనివారం జావ కాయని ఇల్లు మనవాళ్ల లెక్కలో ఇల్లే కాదు. అమ్మ కాచింది. దాల్చినచెక్క పొడి చల్లి మరీ పెట్టింది. నేను తిన్నాను. కానీ ఆవిడ సంచిలో ఎండుద్రాక్షల బన్ను కనబడుతోంది. "లేదు" అన్నాను. "పిల్లలకు తిండి పెట్టే స్థితిలో లేదు, కూతురే చెప్పింది" అని ఆ నాలుగో పేజీలో రాసుంది. ఆపరేషన్‌కి చూపిన కారణాల్లో అది మూడోది.

ఆ పేజీ తీసేద్దామనుకున్నాను. "ఏడేళ్ల పిల్ల మాట విని పుర్రె తెరుస్తారుటే డాక్టర్లు? పొయ్యిలో పడెయ్, పీడా పోతుంది" అన్నాడు మీ బావ. అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు.

ఇవాళ ఆ పేజీ పట్టుకుని వృద్ధాశ్రమంలో అమ్మ దగ్గరికెళ్లాను. చదివి వినిపించాను. "బన్ను కోసం ఆ పిల్ల అబద్ధం చెప్పిందమ్మా" అన్నాను. అమ్మ ఎప్పట్లాగే గోడకేసి చూస్తోంది.

"ఆకలేసుంటుంది పాపం" అంది. "ఇచ్చిందా ఆవిడ బన్ను?"

"ఇచ్చిందమ్మా."

"మంచిదే."

ఆ పిల్ల నేనేనని తనకి తెలిసిందో లేదో. అడిగే ధైర్యం లేకపోయింది.

పేజీ జతచేసి పోస్టు డబ్బాలో వేసొచ్చాను. నాన్న మీద కోపం ఇన్నేళ్లు నువ్వొక్కడివే మోశావు, నేను పక్కనుండి మోయనిచ్చాను. నీకు నేను బాకీ ఉన్న నిజం ఇది. ఇవాళ్టితో చెల్లు.

నీ అక్క,
సిన్నోవె